‘ఊ’ రాని వాక్యాలు

మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చితే నాకు ఇప్పటికీ ఇంగ్లీష్ వాక్యాలు వినిపిస్తాయి. పూర్తి వాక్యాలు కావు, ముక్కలు. “బికాజ్ ఆఫ్...” అని ఒక గొంతు, “ఆఫ్టర్ కమింగ్ టు హైదరాబాద్...” అని ఇంకో గొంతు. ఎవరిదో గుర్తుపట్టేలోగా ఆ గొంతు ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. మా ఇల్లు నారాయణగూడలో, మెట్రో లైనుకు రెండు సందుల వెనక. రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది. నిద్రకూ మెలకువకూ నడుమ ఆ కాసేపు నేను అశోక్‌నగర్‌లో పై అంతస్తు హాల్లో, చేతిలో మార్కర్ పట్టుకుని నిలబడి ఉంటాను. ఎదురుగా బెంచీల నిండా పిల్లలు. పిల్లలంటున్నాను గానీ వాళ్లలో పెళ్లయినవాళ్లుండేవారు, తల నెరిసినవాళ్లూ ఉండేవారు.

గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు ఇంగ్లీష్ చెప్పడం నా ఉద్యోగం. గొంతు మొరాయించాక మానేశాను. ఈ మధ్య నా చోట కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, “మేడమ్, ఫ్రాగ్మెంట్స్ చాప్టర్ ఎట్ల చెప్పాలె? ఎంత చెప్పినా మల్ల గదే తప్పు రాస్తున్నరు” అని మొరపెట్టుకుంది. ఫోన్లో చెప్పగలిగింది చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఆమెకూ, ఆమెలాంటి వాళ్లకూ.

ముక్క ఎక్కడ పుడుతుంది

సెంటెన్స్ ఫ్రాగ్మెంట్ అంటే ముక్క వాక్యం. పెద్దక్షరంతో మొదలవుతుంది, చివర చుక్క ఉంటుంది, చూస్తే వాక్యంలాగే ఉంటుంది. కానీ చెప్పాల్సింది చెప్పకుండానే ఆగిపోతుంది. మన పిల్లలు ఇంగ్లీష్‌లో చేసే తప్పుల్లో ఎక్కువ మార్కులు తినేది ఇదే, అన్నిటికంటే ఆలస్యంగా కంటపడేదీ ఇదే.

కొత్తగా వచ్చే మేష్టర్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. పిల్లల్ని తెలివితక్కువ వాళ్లనుకోకండి. “I did not come. Because the bus did not come.” అని రాసిన పిల్లవాడు తెలుగులో ఆలోచించాడు. “నేను రాలే. ఎందుకంటే బస్సు రాలే.” తెలుగులో అది రెండు నిండు వాక్యాలు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంగ్లీష్‌లో మాత్రం ఆ రెండోది ఒంటరిగా నిలబడదు, ముందు వాక్యాన్ని పట్టుకుని నడవాలి. మీ తెలుగే మీ ఇంగ్లీష్‌ను పాడుచేస్తోందని క్లాసులో అనే మేష్టర్లను చాలామందిని చూశాను. ఆ మాట విన్న పిల్లలకు ఇంగ్లీష్ రాలేదు, తెలుగు మీద ఉన్న ధీమా కూడా పోయింది. అట్లా అనే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

మా కోచింగ్ సెంటర్ డైరెక్టర్ సార్‌కు ఇవన్నీ పట్టేవి కావు. మంచి మనిషే, పిల్లల కోసం తపన ఉన్నవాడే, కానీ ప్రతిదానికీ ఫార్ములా కావాలి.

“మేడమ్, పాలిటీకి ఆర్టికల్స్ ఉన్నయ్, మ్యాథ్స్‌కు షార్ట్‌కట్స్ ఉన్నయ్. ఫ్రాగ్మెంట్స్‌కు ఒక్క లైన్ల చెప్పుండ్రి, ఫ్లెక్సీ కొట్టిస్త” అన్నాడు.

నేను చెప్పకముందే కొట్టించేశాడు కూడా. ‘కర్త + క్రియ = వాక్యం’ అని ఎర్రటి అక్షరాలతో బోర్డు పక్కన వేలాడదీశాడు. ఆ వారమే ఒక పిల్లవాడు “Because the rain came.” అని రాసి తెచ్చాడు. ముక్క వాక్యం అన్నాను. వాడు ఫ్లెక్సీ వైపు వేలు చూపించి, “రెయిన్ కర్త, కేమ్ క్రియ. ఇంగ ఏం కావాలె మేడమ్?” అన్నాడు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. గోడమీద అంత పెద్ద అక్షరాలున్నాక వాణ్ణి ఏమనగలను?

లావణ్య

ఆ నవ్వుల్లో నవ్వని మనిషి ఒకామె ఉండేది. కిటికీ పక్క బెంచీ, ముదురు నీలం చున్నీ. పేరు లావణ్య. అచ్చంపేట అవతల పల్లె. అమ్మానాన్నలు పూణె వైపు కూలికి పోయి ఏడాదికోసారి వచ్చేవారట. నాయనమ్మ దగ్గర పెరిగి, ఊరి బడిలో చదివి, దోమలగూడలో హాస్టల్లో ఉంటూ గ్రూప్-వన్‌కు చదివేది.

క్లాసయ్యాక ఒకరోజు మెట్ల దగ్గర ఆగింది.

“మేడమ్, నేను పోయినసారి మెయిన్స్ రాసిన” అంది.

“ఏమైందమ్మా?”

“ఇంగ్లీష్‌ల పోయింది.”

గ్రూప్-వన్ మెయిన్స్‌లో ఇంగ్లీష్ పేపర్ మార్కులు ర్యాంకులో కలవవు. ఊరికే గట్టెక్కితే చాలు. కానీ గట్టెక్కకపోతే మిగతా పేపర్ల జోలికే పోరు. లావణ్య చరిత్ర, ఎకానమీ, వ్యాసం అన్నీ తెలుగులో రాసింది. వ్యాసం పాలమూరు వలసల మీద. పుస్తకాల్లో చదివి రాసింది కాదు, తన ఇంటి గురించి తనకు తెలిసిందంతా అందులో పెట్టింది. ఇంగ్లీష్ తప్పింది కాబట్టి ఆ కాగితాలు ఎవరూ తెరవలేదు.

“బాగ రాయలేదని మార్కులు తక్కువేస్తే నాకు బాధ లేకుండె మేడమ్. సదవకుండనే పక్కకు పెట్టిన్రు. నేను ఏం రాసిన్నో ఎవ్వలకు ఎరుకలేదు” అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు లేవు. అదే నన్ను ఎక్కువ బాధించింది. ఇంకోసారి రాస్తానని, ఈసారీ ఎవరూ చదవకపోతే ఇక పెన్ను పట్టనని చెప్పి మెట్లు దిగిపోయింది.

ఆమె ఇంగ్లీష్ కాగితం ఇంటికి తెచ్చి చూశాను. పదాలు బాగున్నాయి, విషయం బాగుంది. కానీ పేజీ నిండా ముక్కలు. ప్రతి రెండో లైనూ మొదలై ఆగిపోయింది. ఆ సాయంత్రం చిక్కడపల్లి సందుల్లో నడుస్తుంటే నాకు చుట్టూ అవే వినిపించాయి. మిర్చి బండి దగ్గర, “అరే, నిన్న గట్లంటివి గద, అందుకే...” లైబ్రరీ గేటు ముందు, “నోటిఫికేషన్ వస్తెనేమో...” బస్సు దిగుతూ ఎవరో, “ఇంటికి పోయినంక...” ఊరంతా సగం సగం మాట్లాడుతోంది, మిగతా సగం వినేవాళ్లే పూరించుకుంటున్నారు. వీధిలో అది అందమే. మాట్లాడేవాళ్ల ముఖాలు ఎదురుగా ఉంటాయి కదా. పేపరు దిద్దేవాడికి ముఖం కనబడదు, కాగితం ఒక్కటే కనబడుతుంది. ఈ తేడా పిల్లలకు ఎట్లా వినిపించాలో తెలియక చాలాదూరం నడిచి, ఇంటి మలుపు దాటిపోయి వెనక్కి వచ్చాను.

కరెంటు పోయిన మధ్యాహ్నం

దారి దొరికింది నా తెలివితో కాదు. ఒక వానాకాలపు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. బోర్డు కనబడదు. బయట వాన ఒకే శ్రుతిలో పడుతోంది, హాల్లో సగం మందికి కళ్లు వాలుతున్నాయి. ఊరికే కూర్చోవడమెందుకని, కిటికీ పక్కనున్న లావణ్యను తను రాసింది చదవమన్నాను. ఆమె పక్కన స్వప్న అనే అమ్మాయి, అదే హాస్టల్, అదే గది. గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

లావణ్య చదివింది. “When my parents went to Pune.” ఆగింది. “I stayed with my grandmother.”

“ఊ” అంది స్వప్న, కళ్లు తెరవకుండానే.

“Because the school was in our village.”

“ఊ.”

ఎవరూ పట్టించుకోలేదు. మన ఇళ్లలో కథ చెప్పేవాళ్లుంటే ఊ కొట్టేవాళ్లు ఉండాల్సిందే. ఊ ఆగితే చెప్పేవాళ్లు ఆగి, నిద్రపోయావా అని అడుగుతారు. స్వప్నకు వాన చప్పుడులో ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది. కానీ మొదటి ముక్కకు ఆమె ఊ కొట్టలేదు. అది నా చెవికి తగిలింది.

“స్వప్నా, ఊ ఎందుకు కొట్టినవ్?”

ఉలిక్కిపడి లేచింది. “నేనా? కొట్టిననా మేడమ్?” హాలంతా ఒక్కసారి మేలుకుని నవ్వింది.

“కొట్టినవ్. మొదటి లైనుకు ఎందుకు కొట్టలేదు?”

లావణ్య కాగితంలోకి తొంగి చూసింది. “అమ్మానాయిన పూణె పోయినప్పుడు... అని ఆపింది గద మేడమ్ అక్క. పోయినప్పుడు ఏమైందో చెప్పాలె గద! చెప్పకముందే ఊ ఎట్ల అంట?”

ఎన్నేళ్లుగానో నేను బోర్డు మీద చెప్పలేకపోయింది ఆ పిల్ల నిద్రలో చెప్పేసింది.

అయితే మూడో లైనుకు ఊ వచ్చింది, రాకూడదు. ముందు లైను విన్నది కాబట్టి చెవి దాన్ని అతికించుకుంది. అందుకని కింది నుంచి పైకి చదవమన్నాను, చివరి లైను ముందు. లావణ్య, “Because the school was in our village” అని చదివి ఆగింది. “బడి మా ఊర్లనే ఉన్నందుకు...” అని తెలుగులోనూ చెప్పింది. స్వప్న ఊ అనలేదు. ఇంకా చెబుతుందేమోనని చూసి, చూసి, “అయితే?” అంది.

ఆ ‘అయితే?’ వచ్చిన చోటల్లా ముక్క ఉన్నట్టు. ఇక బాగుచేయడం తేలిక. ముక్కను పక్క వాక్యానికి తగిలించాలి, లేదా దాన్ని వేలాడదీసిన బికాజ్, వెన్ లాంటి మాట తీసేయాలి, లేదా చెప్పకుండా మింగింది చెప్పాలి. లావణ్య మూడు లైన్లనూ కలిపి రాసి చదివింది. “When my parents went to Pune, I stayed with my grandmother because the school was in our village.” ఈసారి ఊ కొట్టింది స్వప్న ఒక్కతే కాదు. వెనక బెంచీల నుంచి కూడా వచ్చింది. లావణ్య కాగితం మీంచి తలెత్తి అందరినీ చూసింది, ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను.

అప్పటి నుంచి ఆ క్లాసులో జంటలు కట్టాను. ఒకరు కింది నుంచి పైకి చదవాలి, ఒకరు ఊ కొట్టాలి. మధ్యాహ్నాలు ఆ హాల్లో సన్నటి జోలపాటలా ఊ, ఊ అని వినిపిస్తుంటే నాకు ఏదో ఊళ్లో, ఎవరి అరుగు మీదో కూర్చున్నట్టుండేది. డైరెక్టర్ సార్ పైకి పరుగెత్తుకొచ్చాడు.

“ఏంది మేడమ్, క్లాస్‌ల హరికథ నడుస్తున్నదా? కింద పాలిటీ సార్ పరేషానయితున్నడు.”

మాక్ టెస్ట్ మార్కులు చూశాక చల్లబడ్డాడు. చల్లబడి ఊరుకున్నాడా? ‘ఊ మెథడ్ – మా వద్ద మాత్రమే’ అని ఇంకో ఫ్లెక్సీ కొట్టించాడు.

ఊ పట్టుకోలేనివి

దీన్ని మంత్రమనుకుంటే మోసపోతారు. “My father a labourer” అని చదివితే ఊ హాయిగా వస్తుంది, ఎందుకంటే “మా నాయిన కూలీ” అనేది తెలుగులో నిండు వాక్యం. మనకు అక్కడ క్రియ అక్కర్లేదు, ఇంగ్లీష్‌కు ఒక ‘ఈజ్’ కావాలి. దీనికి చెవి పనికిరాదు, కన్నే దిక్కు. ప్రతి వాక్యంలో క్రియ మీద వేలు పెట్టి చూసుకొమ్మని చెప్పేదాన్ని.

ఇంకో జబ్బు, ముక్కలంటే భయం పట్టుకున్నాక వచ్చేది. కామా మీద కామా పెట్టుకుంటూ సగం పేజీ ఒకే వాక్యం రాస్తారు. చిన్న వాక్యం తప్పు కాదని, “I stayed” అన్న రెండు మాటలు కూడా నిండు వాక్యమేనని పదే పదే చెప్పాలి. కథల్లో, ప్రకటనల్లో ముక్కలు కావాలనే రాస్తారని కూడా దాచకుండా చెప్పండి. లేకపోతే ఎక్కడో చదివి వచ్చి మిమ్మల్నే నిలదీస్తారు.

ఇప్పుడు ఫోన్లో పేరా పెడితే అదే దిద్ది ఇస్తుంది. మంచిదే. కానీ దిద్దిన పేరా చూసుకుని మురిసిపోయిన పిల్లలు పరీక్ష హాల్లో బిక్కమొహం వేయడం చూశాను. ఫోన్ దిద్దినదానిలో ఏం మారిందో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే అది వాళ్ల ఇంగ్లీష్ కాదు, ఫోనుది.

ఊ కొట్టేవాళ్లు లేనప్పుడు

స్వప్న ప్రిలిమ్స్ దాటలేదు. ఇంటి దగ్గరే చదువుకుంటానని బ్యాగు సర్దుకుని ఊరికి పోయింది. లావణ్య దాటింది. దాటాక ఆమె ఇంగ్లీష్ మళ్లీ ముక్కలైంది. కొన్నాళ్లు స్వప్నకు ఫోన్ చేసి చదివి వినిపించిందట. ఆ పిల్ల ఒకసారి బస్సులో, ఒకసారి బియ్యం కడుగుతూ, “చెప్పక్కా, ఊ, ఊ” అని ప్రతిదానికీ కొట్టేసిందట.

“గట్ల ఊ కొడితే ఏం ఫాయిదా మేడమ్?” అని ఒక మధ్యాహ్నం నారాయణగూడలో మా ఇంటికి వచ్చింది. అప్పటికి నేను క్లాసులు మానేశాను. వరండాలో కుర్చీ వేశాను. రోజూ వచ్చి చదివేది, నేను ఊ కొట్టేదాన్ని. ఎదురింటి గోడ మీద ఎండ జరుగుతుండేది. ఆమె నాయనమ్మ, పూణె రైలు, బడి గంట, అన్నీ కింది నుంచి పైకి, వెనక నుంచి ముందుకు నా వరండాలోకి వచ్చేవి. ఆ రోజులు నాకు కలలో గడిచినట్టే ఉన్నాయి. నేను చాలా సంతోషంగా ఉన్నాను.

కానీ పరీక్ష దగ్గర పడుతోంది, పరీక్ష హాల్లో నేనుండను. ఒకరోజు చెప్పకుండా ఊ ఆపేశాను. ఆమె ఒక వాక్యం చదివింది. నేను గోడ వైపు చూస్తూ ఉన్నాను. నా ముఖం చూసింది, పెన్ను తీసింది, నిక్షేపంలాంటి వాక్యాన్ని కొట్టేసి రెండు ముక్కలు చేసింది.

“ఎందుకు కొట్టేసినవ్?”

“మీరు ఊ అనలేదు గద!”

“అది మంచిగనే ఉండె.”

కోపమొచ్చింది ఆమెకు. “మంచిగుంటే అనాలె గద మేడమ్! మీరు గట్ల సప్పుడు చెయ్యకుంట కూసుంటే నాకెట్ల ఎరుకైతది?”

“అక్కడ ఎవరంటరు నీకు?”

కాగితం కుర్చీలో పడేసి, వెళ్లి మెట్ల మీద కూర్చుంది. వెళ్లిపోతుందేమోనని భయమేసింది నాకు. చివరికి తనలో తాను చెప్పుకున్నట్టు అంది:

“మా నాయినమ్మ ఒక్కతే కలుపు తీస్తుండె మేడమ్. అందరు వలస పోయిన్రు గద, పక్కకు ఎవ్వలు లేకుండె. కథ ఆమెనే చెప్పుకునేది, ఊ ఆమెనే కొట్టుకునేది. మేం నవ్వుతుంటిమి.”

“ఇప్పుడు నవ్వొస్తుందా?”

“లేదు మేడమ్” అని కాగితం తీసుకుంది. పెదవులు కదిలించి చదువుకుని, ఆగి, తనే నెమ్మదిగా ఊ అంది. తర్వాతి దానికి అనలేదు, దిద్దుకుంది. నేను లోపలికి వెళ్లి టీ పెట్టాను. వచ్చేసరికి పేజీ అయిపోయింది.

మేష్టర్లకు నా మాట. మెచ్చుకోవడం ఎంత అవసరమో, అది ఆపే రోజు తెలుసుకోవడమూ అంతే అవసరం. ఎప్పుడూ మన ముఖం చూసి రాసేవాళ్లకు మనం చదువు చెప్పినట్టు కాదు.

సదివిన్రు

పరీక్ష రోజు హాల్లో ఇన్విజిలేటర్ వచ్చి లావణ్య పక్కన నిలబడ్డాడట. “ఏమ్మా, ఎవరితోని మాట్లాడుతున్నవ్?” అని గద్దించాడట. “ఎవ్వలతోని లేదు సార్, ఊ కొట్టుకుంటున్న” అని నోరు జారింది. ఆయన కింద, పైన, బెంచీ లోపలా వెతికి, ఏమీ దొరక్క, వింతగా చూసి పోయాడట. ఆ తర్వాత పెదవులు బిగించి, లోపలే కొట్టుకుంటూ పేపరు పూర్తిచేసింది. ఫోన్లో ఇది చెప్తూ నవ్వింది, నవ్వుతూనే “బయటకు పంపితే ఏమైతుండె మేడమ్?” అంది. బయటకు పంపేస్తే అన్ని పేపర్లూ మళ్లీ మూతపడేవే కదా.

ఫలితాలకు చాలా కాలం పట్టింది. ఈలోపు ఆమె హాస్టల్ మారింది, నల్లకుంటలో ఒక ట్యూషన్‌లో చిన్నపిల్లలకు చెప్పుకుంటూ ఉంది. ఒకరోజు మధ్యాహ్నం నేను కునుకులో ఉండగా తలుపు తట్టారు. కలనుకున్నాను. లావణ్య.

“మేడమ్, మార్కులొచ్చినయ్.”

“ఇంగ్లీష్?”

“దాటిన.”

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఫోను తెరిచి చూపించింది. పోయినసారి ఖాళీగా ఉన్న చోట్లన్నీ ఈసారి అంకెలు. చరిత్రకు ఒకటి, ఎకానమీకి ఒకటి. వ్యాసం దగ్గర వేలు ఆపింది, ఈసారీ వలసల మీదే రాసిందట, అన్నిటికంటే ఎక్కువ దానికే వచ్చాయి. నా కళ్లలో నీళ్లు తిరిగి ఆ అంకె సరిగా కనిపించలేదు.

“మరి పోస్టు?” అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆమే చెప్పింది.

“రాలేదు మేడమ్. ఎకానమీల తక్కువైనయ్.”

ఇన్నేళ్లు వాక్యాలు నేర్పినదాన్ని, ఒక్క నిండు వాక్యం కూడా నోటికి రాలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను, అంతే.

“మీరెందుకు గట్లయితున్నరు?” అంది. “నేను రాసింది ఎవరో మొత్తం సదివిన్రు మేడమ్. మా ఊరి గురించి సదివిన్రు, మా నాయిన గురించి సదివిన్రు. సదివి, సాలదన్నరు. పర్వాలేదు. ఏడ సాలలేదో ఇప్పుడు ఎరుకైంది. మల్ల రాస్త.”

టీ తాగి పొమ్మన్నాను. ట్యూషన్ పిల్లలు వచ్చే టైమైందని, ఎకానమీకి మంచి సార్ ఎవరున్నారో అడిగి పెట్టమని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లింది.